ఉదరకుడ్య లోపములు: ప్రసవమునకు ముందు తెలియునది, తెలియనిది

మాతృగర్భమున శిశువు రూపొందు క్రమములో ప్రేగులు కొంతకాలము పొట్టకు వెలుపల నుండుట ప్రకృతి ధర్మము. పిండమేర్పడిన ఆరవ వారము నాటికి ప్రేగు మిక్కిలి వేగముగా పొడవు సాగును. కాలేయ మప్పటికే పొట్టలో చాల స్థలము నాక్రమించి యుండును. ఇముడుటకు చోటు చాలక ప్రేగు బొడ్డుత్రాడు మొదటిలోనికి జరిగి, అచ్చట మెలిక తిరుగుచు పెరిగి, పదవ వారము నాటికి మరల లోపలికి చేరును. కడపటి ఋతుస్రావమునుండి లెక్కించు వైద్యుల వాడుకలో ఇది పండ్రెండవ వారము. అందుచేతనే పండ్రెండు వారములకు పూర్వము జరిగిన స్కానింగులో ప్రేగు త్రాడులో కనిపించినంత మాత్రమున దానిని దోషమనరాదు. కాలేయము వెలుపల కనిపించినప్పుడు మాత్ర మీ మినహాయింపు లేదు. కాలేయ మెన్నడును సహజముగా బయటికి పోవునది కాదు.

ఈ రాకపోకలలో గాని, పొట్టగోడ కూడుకొనుటలో గాని తప్పు జరిగినప్పు డేర్పడు లోపములలో ముఖ్యమైనవి రెండు. మొదటిది ఆంఫలోసీల్. ఇందు ప్రేగులు, ఒక్కొక్కప్పుడు కాలేయము కూడ, బొడ్డు స్థానముననే పలుచని పొరతో కప్పబడిన తిత్తిలో నిలిచిపోవును. బొడ్డుత్రాడు ఆ తిత్తికే అంటుకొని యుండును. రెండవది గాస్ట్రోస్కైసిస్. ఇందు బొడ్డు తన చోటనే సరిగా నుండును. దాని ప్రక్కన, సాధారణముగా కుడివైపున, చిన్న రంధ్ర మేర్పడి ప్రేగులు ఏ పొరయు లేకుండ ఉమ్మనీటిలో తేలుచుండును. పుట్టిన పిమ్మట చాల మంది పిల్లలలో కనిపించు బొడ్డు ఉబ్బు ఈ రెంటిలో నేదియు కాదు. దానిపై చర్మము నిండుగా కప్పి యుండును, ఎక్కువ మందిలో ఏండ్లు గడచిన కొలది తానే సర్దుకొనును. ఇరుగుపొరుగువారు "మా పిల్లవానికిని అట్లే ఉండెడిది, తగ్గిపోయినది" అని ధైర్యము చెప్పునప్పుడు ఈ భేదము మరుగున పడును.

చాల కాలము వైద్యులు సైత మీ రెంటిని ఒక్కటిగనే చూచిరి. 1953లో మూర్, స్టోక్స్ అను అమెరికను వైద్యు లిరువురు వీని లక్షణములను వేరుపరచి చూపిన తరువాతనే భేదము స్థిరపడినది. ఇది పేరు గొడవ మాత్రము కాదు. గర్భస్థ శిశువు గతి నూహించుటకు ఈ రెండు లోపములయందును వేయవలసిన ప్రశ్నలే వేరు. ఆంఫలోసీల్ కనిపించినప్పుడు వైద్యుడు పొట్టను విడిచి తక్కిన శరీరమంతయు వెదకును. గాస్ట్రోస్కైసిస్ కనిపించినప్పుడు ఆ ప్రేగునే వారము వారము పరిశీలించును.

గాస్ట్రోస్కైసిస్ అనేక దేశములలో సుమారు రెండు మూడు వేల జననములకు ఒకటి చొప్పునను, ఆంఫలోసీల్ సుమారు నాలుగైదు వేల జననములకు ఒకటి చొప్పునను కనిపించుచున్నవి. మొదటిది ఇరువది ఏండ్ల లోపు తల్లులయందు విశేషముగా నెక్కువ; గడచిన కొన్ని దశాబ్దములలో అది పెక్కు దేశములలో పెరుగుచు వచ్చినది. కారణ మింకను తేలలేదు. రెండవది వయసు మీరిన తల్లులయందు ఎక్కువ. దానికి క్రోమోసోముల దోషములతో గల సంబంధమే ఇందుకు ముఖ్య కారణము.

ఇరువదవ శతాబ్దపు మధ్యకాలము వరకు ఈ శిశువుల గతి నూహింపవలసిన పనియే లేకుండెను. నమ్మదగిన చికిత్స లేదు, కనుక అడుగుటకు ప్రశ్న లేదు. 1948లో బోస్టను నగరమున రాబర్ట్ గ్రాస్ పెద్ద ఆంఫలోసీల్‌ను ముందు చర్మముతో కప్పి, తరువాత కండరములను కూర్చి, రెండు దశలలో మూయు పద్ధతిని ప్రకటించెను. 1967లో షుస్టర్ కృత్రిమ వస్త్రపు పొర నమర్చి, వెలుపలి అవయవములను క్రమక్రమముగా లోనికి చేర్చు మార్గమును చూపెను. 1968లో విల్మోర్, డడ్రిక్ అనువారు ఒక పసికందునకు ఆహార మంతయు రక్తనాళము ద్వారా నందించి పెంచవచ్చునని నిరూపించిరి. వాస్తవముగా ఈ మూడవదే ఈ శిశువుల పాలిటి పెద్ద మలుపు. రంధ్రము మూసినను వాచిన ప్రేగు వారముల తరబడి పాలు జీర్ణించుకొనలేదు. ఆ వ్యవధిలో శిశువు ఆకలికి క్షీణించి పోవుచుండెను. ఇదే కాలమున, 1958లో, గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్ ధ్వని తరంగములతో పొట్టలోని వస్తువులను చూచు విధానమును లోకమునకు తెలిపెను. ఒకవైపు చికిత్సయు, మరియొకవైపు ముందుగా చూచు కన్నును దొరకిన పిమ్మటనే "ఈ బిడ్డ బ్రదుకునా?" అను ప్రశ్నకు అర్థ మేర్పడినది.

నేడు పదునెనిమిది మొదలు ఇరువది వారముల నడుమ జరుగు స్కానింగులో, యంత్రము మంచిదై, చూచువారు నేర్పరులైనచో, ఈ లోపములు చాలవరకు బయటపడును. తల్లి రక్తములో ఆల్ఫా ఫీటో ప్రోటీను అను పదార్థము హెచ్చుగా నుండుటయు ఒక సూచన. పొర లేనందున గాస్ట్రోస్కైసిస్‌లో అది మరింత హెచ్చును.

ఆంఫలోసీల్ విషయమున మొదట చూడవలసినది తోడి లోపములు. ఈ శిశువులలో సగమునకు పైగా మరియొక లోపముతో నుందురు. గుండె లోపములు వీనిలో ముఖ్యములు. కనుక గర్భస్థ శిశువు గుండెను ప్రత్యేకముగా స్కాను చేయుట తప్పనిసరి. క్రోమోసోముల పరీక్షకు ఉమ్మనీటిని పదునైదు వారముల తరువాత తీయుదురు. అంతకు ముందే కావలెనన్నచో మాయనుండి చిన్న ముక్కను తీయవచ్చును. పదునెనిమిదవ జత క్రోమోసోము గాని, పదుమూడవది గాని రెండునకు బదులు మూడుగా నున్నట్లు తేలినచో, శస్త్రచికిత్స ఎంత చక్కగా జరిగినను ఆ శిశువులలో అధికసంఖ్యాకులు మొదటి ఏడు దాటరు. అట్టి స్థితిలో ఫలితమును నిర్ణయించునది పొట్టగోడ కాదు. బెక్‌విత్-వీడెమన్ అనబడు మరియొక స్థితి కలదు: పెద్ద నాలుక, పెద్ద అవయవములు, పుట్టిన వెంటనే రక్తములో చక్కెర పడిపోవుట దీని గుర్తులు. సామాన్యమైన క్రోమోసోముల లెక్కలో ఇది దొరకదు. "పరీక్ష బాగున్నది" అను మాట విన్న తల్లిదండ్రులు, ఏ పరీక్ష యని యడుగుట మంచిది.

ఇచ్చట సామాన్యుని తర్కమునకు విరుద్ధమైన సంగతి యొకటి గలదు. తిత్తి చిన్నదైనచో ప్రమాదము చిన్నదని ఎవరైన ననుకొందురు. కాని క్రోమోసోముల దోషము, కాలేయము బయట నున్న పెద్ద తిత్తులలోకంటె, కేవలము ప్రేగు మాత్రమే యున్న చిన్న తిత్తులలోనే ఎక్కువగా కనబడును. పెద్ద తిత్తికి గల భయము వేరు, అది ఊపిరితిత్తులది. కాలేయము లోపల నుండవలసిన చోట లేనందున పొట్టయు, రొమ్ముగూడును ఇరుకుగా పెరుగును, ఊపిరితిత్తులు చాలినంత విప్పారవు. అందుచే పెద్ద ఆంఫలోసీల్‌తో పుట్టిన శిశువు పొట్ట విషయమై గాక, శ్వాస విషయమై పోరాడవలసి వచ్చును. తిత్తి వ్యాసమును తల చుట్టుకొలతతో పోల్చుట, ఊపిరితిత్తుల పరిమాణమును ఎం.ఆర్.ఐ. చిత్రములో కొలుచుట అను పద్ధతు లీ ఊహకొరకే పుట్టినవి. మరియొక ప్రక్క, పదునొకటి మొదలు పదుమూడు వారముల నడుమ కనిపించిన చిన్న తిత్తి, అందు ప్రేగు మాత్రమే యుండి, క్రోమోసోములు సరిగా నున్నచో, తరువాతి వారములలో తానే మాయమగుట కూడ కలదు. మొదటి స్కానింగు కాగితము పట్టుకొని తొందరపడి తీర్పు చెప్పరానిదని దీనివలన తెలియుచున్నది. తక్కిన లోపములేవియు లేని ఆంఫలోసీల్ శిశువులలో, మంచి వైద్యశాలలలో, అధికసంఖ్యాకులు బ్రదుకుచున్నారు.

గాస్ట్రోస్కైసిస్ కథ వేరు. ఇందు క్రోమోసోముల దోషము అరుదు. ప్రేగు వెలుపలి అవయవముల లోపములును తక్కువ. శిశువు గతి యంతయు ప్రేగు పరిస్థితి మీద ఆధారపడును. వైద్యులు వీరిని రెండు తరగతులుగా నెంచుదురు. ప్రేగు పొడవునా అఖండముగా నున్నచో సరళము. ఎచ్చటనైన మూసుకొనిపోయి, తూటుపడి, నల్లబడి, లేక మెలిపడి యున్నచో సంక్లిష్టము. సుమారు పదిమందిలో నొకరికి ప్రేగు మూసుకొనిపోయి యుండును. సరళమైన శిశువు కొలది వారములలో ఇంటికి చేరును. సంక్లిష్టమైన శిశువునకు నెలలు పట్టవచ్చును. ప్రేగు మిగిలినది తక్కువైనచో రక్తనాళపు ఆహారముమీద దీర్ఘకాలము జీవింపవలసియు, దానివలన కాలేయము దెబ్బతినవలసియు రావచ్చును.

ఈ శిశువు ఏ తరగతిదో ముందుగా చెప్పగలుగుటయే గడచిన ముప్పది యేండ్లుగా సాగుచున్న ప్రయత్నము. పొట్ట లోపలి ప్రేగు ఉబ్బుట, వెలుపలి ప్రేగు ఉబ్బుట, ప్రేగు గోడ మందగించుట, జీర్ణాశయము పెద్దదగుట, ఉమ్మనీరు హెచ్చుట: వీనినన్నిటిని కొలిచి చూచిరి. 2015లో అనేక పరిశోధనల ఫలితములను కలిపి లెక్కించినప్పుడు నిలిచిన సంబంధములు కొన్నియే. లోపలి ప్రేగు ఉబ్బుటకును ఉమ్మనీరు హెచ్చుటకును ప్రేగు మూసుకొనుటతో సంబంధము కలదు. జీర్ణాశయము ఉబ్బుటకు నవజాత శిశుమరణముతో సంబంధము కలదు. వెలుపలి ప్రేగు ఉబ్బు చూచుటకు భయంకరముగా నుండును గాని దానికంత విలువ లేదు. పోనీ, లోపలి ప్రేగు ఎన్ని మిల్లీమీటర్లు దాటినచో ఉబ్బినదనవలెను? ఒకరు పది యనిరి, మరియొకరు పదునాలుగనిరి, వేరొకరు ఇరువది యనిరి. ఏకాభిప్రాయము నేటికిని లేదు.

సంబంధము కలదనుటకును, జోస్యము చెప్పుటకును గల దూరమును ఒక చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. ఇది ఊహాత్మకమైన లెక్క మాత్రమే. గాస్ట్రోస్కైసిస్ గల నూరుగురు శిశువులలో పదిమందికి ప్రేగు మూసుకొని యున్నదనుకొందము. ఒక స్కానింగు గుర్తు ఆ పదిమందిలో ఏడుగురికి కనబడినది. కాని తక్కిన తొంబదిమందిలో ఇరువదిమందికి కూడ కనబడినది. అప్పుడు గుర్తు కనబడినవారు ఇరువది యేడుగురు; వారిలో నిజముగా దోషము గలవారు ఏడుగురే, అనగా సుమారు నాలుగవ వంతు. గుర్తు కనబడని డెబ్బది ముగ్గురిలో దోషము గలవారు ముగ్గురు. గుర్తు లేదన్న మాట కొంత ఊరట నిచ్చును; గుర్తున్నదన్న మాట, నలుగురిలో ముగ్గురి విషయమున, వృథా భయము. ఈ సంగతి తెలియని తల్లికి "ప్రేగు ఉబ్బినది" అని మాత్రము చెప్పి పంపుట ఆమెకు చేసిన ఉపకార మనిపించుకొనదు.

గాస్ట్రోస్కైసిస్ గర్భములలో మరియొక భయము చివరి నెలలది. నూటికి నాలుగైదు గర్భములలో శిశువు పుట్టుకకు ముందే మరణించును. పెరుగుదల కుంటుపడుటయు సాధారణము. కాని ఇందొక చిక్కు గలదు: శిశువు బరువును లెక్కించు సూత్రములలో పొట్ట చుట్టుకొలత చేరియుండును; ప్రేగులు బయటనున్న శిశువు పొట్ట సహజముగనే చిన్నది. కనుక సూత్రము చూపు బరువు అసలు బరువుకంటె తక్కువ కావచ్చును. చివరి నెలలలో గుండె చప్పుడు పరీక్షలను తరచుగా చేయుట ఈ మరణములను తప్పించుటకే. ముప్పదియేడవ వారపు ప్రాంతమున ప్రసవము జరుపుట అనేక వైద్యశాలల ఆచారము. అంతకంటె చాల ముందుగా, కేవలము ప్రేగును కాపాడుటకై, బిడ్డను బయటికి తీయుటవలన మేలు కలుగునని రుజువు కాలేదు. గాస్ట్రోస్కైసిస్ ఉన్నంత మాత్రమున శస్త్రచికిత్సతో కాన్పు చేయనక్కరలేదు. కాలేయము బయటనున్న పెద్ద ఆంఫలోసీల్‌లో మాత్రము, ప్రసవమార్గమున తిత్తి చిరుగునను భయముచే, ఎక్కువమంది ఆపరేషనునే కోరుదురు.

బ్రదుకు శాతములను చదువువారు ఒక విషయమున జాగరూకులై యుండవలెను. ఒకే ఆంఫలోసీల్‌కు ఒక గ్రంథము మంచి ఆశను, మరియొకటి గొప్ప నిరాశను చూపును. రెండును అబద్ధములు కావు. శస్త్రవైద్యుడు తన వార్డునకు వచ్చిన శిశువులను లెక్కించును. గర్భస్థ శిశువులను చూచు వైద్యుడు స్కానింగులో కనిపించిన ప్రతి గర్భమును లెక్కించును. అందు తల్లిదండ్రులు చాలించుకొన్న గర్భములు, కడుపులోనే పోయినవి, పుట్టిన గంటలలో ఆసుపత్రి చేరకమున్నే పోయినవి, అన్నియు నుండును. ఇరువది వారములనాడు కూర్చున్న దంపతులకు రెండవవాని లెక్క కావలెను. బిడ్డ పుట్టి వార్డు చేరిన పిమ్మట మొదటివాని లెక్క కావలెను. ఒకరికి చెప్పవలసిన సంఖ్య మరియొకరికి చెప్పుట తరచుగా జరుగు పొరపాటు.

ఇక అన్నిటికంటె బలమైన జోస్యము స్కానింగు తెరమీద కనబడునది కాదు. 2021లో లాన్సెట్ పత్రిక డెబ్బది నాలుగు దేశములలోని 264 ఆసుపత్రులనుండి సేకరించిన వివరములను ప్రకటించినది. గాస్ట్రోస్కైసిస్ శిశువులలో మరణములు సంపన్న దేశములలో నూటికి 1.4, మధ్యస్థ ఆదాయపు దేశములలో 31.9, పేద దేశములలో 90. రోగ మొక్కటియే, శస్త్రచికిత్స ఇంచుమించుగా నొక్కటియే. భేదము బిడ్డ ఎచ్చట పుట్టినది, ఎంతసేపటికి ఆసుపత్రి చేరినది, ఆ ప్రయాణములో చల్లబడినదా, అంటు సోకినదా, రక్తనాళపు ఆహారము దొరకినదా అను వానిలో నున్నది. ముందుగా నిర్ధారించుటవలన కలుగు లాభములలో పెద్దది ఇదియే: ప్రసవము జరుగు చోటును ఎంచుకొనుటకు నాలుగైదు నెలల వ్యవధి లభించుట.

సరిహద్దులలో నివసించు తెలుగువారికి ఈ వ్యవధి మరింత విలువైనది. సిరోంచవంటి చోటులనుండి పెద్ద నగర మెంత దూరమో అచ్చటివారికి తెలియును. నవజాత శిశువుల శస్త్రచికిత్స విభాగము ప్రతి జిల్లా ఆసుపత్రిలోను ఉండదు. హోసూరువారికి బెంగుళూరు దగ్గర, యానామువారికి కాకినాడ దగ్గర. పరిపాలన మాత్రము ఒకరికి చెన్నై, మరియొకరికి పుదుచ్చేరి. ప్రభుత్వ వైద్య పథకముల వర్తింపు ఆసుపత్రిని బట్టియు, రాష్ట్రమును బట్టియు మారుచుండును గనుక, ఈ విచారణ నొప్పులు మొదలైన రాత్రి కాక ఏడవ నెలలోపుననే జరుగవలెను.

బిడ్డ పుట్టిన మొదటి గంటలో చేయవలసిన పనులు గొప్ప యంత్రములను కోరునవి కావు. బయటనున్న ప్రేగులను శుభ్రమైన పారదర్శకపు ప్లాస్టిక్ సంచిలోగాని, పలుచని ప్లాస్టిక్ పొరలోగాని చుట్టవలెను. తడి గుడ్డ చుట్టరాదు; అది బిడ్డను చల్లబరచును. ప్రేగుల రక్తప్రసారము మెలిపడకుండ బిడ్డను కుడిప్రక్కకు పరుండబెట్టవలెను. ముక్కుద్వారా గొట్టము వేసి జీర్ణాశయమును ఖాళీ చేయవలెను. నోటికేమియు పోయక, రక్తనాళము ద్వారా ద్రవములీయవలెను. వెచ్చదనము కాపాడవలెను. గాస్ట్రోస్కైసిస్ ప్రేగు నొక్కసారిగా లోనికి నెట్టుటకు వీలుకానిచో, సైలో యను సంచిని అమర్చి కొన్ని దినములలో క్రమముగా లోనికి దించుదురు. తయారైన సైలో ఖరీదైనది. మన దేశపు శస్త్రవైద్యులు శుద్ధిచేసిన రక్తపు సంచిని, మూత్రపు సంచిని కత్తిరించి కుట్టి అదే పనికి వాడిన సందర్భములు కలవు. పెద్ద ఆంఫలోసీల్‌ను మాత్రము తొందరపడక, పొరమీద మందు పూయుచు, చర్మము పెరిగి కప్పువరకు నెలల తరబడి వేచి, పిదప మూయుట నేటి వాడుక.

పుట్టిన తరువాత ఊహ మరల సవరింపబడును. కెనడా వైద్యులు 2012లో గాస్ట్రోస్కైసిస్ శిశువులకై ఒక అంకెల పట్టికను ప్రకటించిరి. ప్రేగులు ఒకదానికొకటి అంటుకొనుట, మూసుకొనుట, తూటుపడుట, నల్లబడుట అను నాలుగింటిని కంటితో చూచి మార్కులు వేయుదురు. మొత్తము రెండు లేక అంతకు మించినచో దీర్ఘమైన చికిత్స తప్పదని, నాలుగు లేక అంతకు మించినచో ప్రాణాపాయము హెచ్చునని గ్రహింతురు. ఎన్నో నెలల స్కానింగులు చెప్పలేనిదానిని ఒక్క చూపు చెప్పుచున్నది.

చట్టమును గూర్చి రెండు మాటలు. 1994 నాటి చట్టము ప్రకారము స్కానింగు నమోదైన చోటనే జరుగవలెను. శిశువు ఆడయో మగయో చెప్పుట నేరము. లోపమును చెప్పుట నేరము కాదు, చెప్పుట విధి. గర్భస్రావపు చట్టమును 2021లో సవరించిన పిమ్మట, వైద్య మండలి తీవ్రమైన పిండ లోపమని నిర్ధారించిన సందర్భములలో ఇరువది నాలుగు వారముల పరిమితి వర్తింపదు. ఇందువలన గుండె పరీక్ష, క్రోమోసోముల పరీక్ష పూర్తియగువరకు ఆగి ఆలోచించుటకు వీలు కలిగినది. సరళమైన గాస్ట్రోస్కైసిస్‌ను గూడ బ్రదుకజాలని వికారమని భ్రమించి, ఒక్క సాయంకాలములో తేల్చుకొనవలసిన యగత్యము లేదు.

మన భాషలో చీలిన పెదవికి గ్రహణపు మొర్రి యని పేరు. పేరులోనే నింద యున్నది: గ్రహణము నాడు తల్లి కదలినదట, కోసినదట. ఉదరకుడ్య లోపములకును పెద్దలు ఇట్టి కారణములే వెదకుదురు. ప్రేగు త్రాడులోనికి పోవు వారములలో ఆ తల్లికి తాను గర్భవతినని తెలియుటయే క్రొత్త. ఆమె కత్తిపీట పట్టినందున పొట్టగోడ తెరచుకొనదు. స్కానింగు నివేదిక ఇంగ్లీషులో నుండి, వైద్యుడు కన్నడములోనో ఒడియాలోనో వివరించి, ఇంటివద్ద అత్తగారు తెలుగులో కారణము చెప్పునప్పుడు, మూడవది మాత్రమే ఆ తల్లి మనస్సున నాటుకొనును. అందుచే ఆసుపత్రికి పోవునప్పుడు భాష తెలిసిన బంధువు నొకరిని తోడు తీసికొనిపోవుట, పొర యున్నదా లేదా, కాలేయము లోపలనా బయటనా, గుండె చూచిరా, క్రోమోసోములు చూచిరా అను నాలుగు ప్రశ్నలకు సమాధానములను తెలుగులో వ్రాసికొనుట, ఉపయోగకరమైన పనులు.

బ్రదికిన పిల్లలలో అధికసంఖ్యాకులు మొదటి రెండేండ్లు గడచిన పిమ్మట తోటివారివలెనే పెరుగుదురు. కొందరికి బొడ్డు చోట మచ్చ మాత్రముండును. బడిలో ఇతర పిల్లలు దానిని గూర్చి యడుగుటయే వారి కష్టము. అయితే వీరి ప్రేగు పొట్టలో అందరివలె అమరి యుండదు. అపెండిక్సు కూడ అలవాటైన చోట నుండకపోవచ్చును. ఎప్పుడైన కడుపునొప్పి వచ్చి ఆకుపచ్చని వాంతి యైనచో అది ప్రేగు చిక్కుపడిన గుర్తు కావచ్చును గనుక వెంటనే ఆసుపత్రికి పోవలెను. పసితనమున జరిగిన ఆపరేషను సంగతిని క్రొత్త వైద్యునికి మొదటి మాటగా చెప్పవలెను. పాత కాగితములను భద్రపరచి, బిడ్డ పెద్దయైన పిమ్మట అతనికే అప్పగించుట మేలు.